పావుగంట బ్యాటరీ

సిరిసిల్ల, శుక్రవారం రాత్రి

రజితా, నా రాత వంకర, తప్పులుంటాయి. కూడబలుక్కుని చదువు బిడ్డా. నోటితో చెప్పలేకనే ఈ డైరీని నీ కంప్యూటర్ మీద తెరిచి పెడుతున్నాను.

కరెంటు పోతే మన మరమగ్గం ఆగిన చోటినుంచే మళ్లీ నేస్తుంది. నువ్వు ఇంట్లో చేసే టైపింగు పని కూడా అంతే అనుకున్నాను. ఇంకోసారి మధ్యలో ఆగితే పని ఉండదని మీ కంపెనీవాళ్లు అన్నాకగాని తెలియలేదు.

ఇవాళ కరెంటు పోయినా కంప్యూటర్‌ని నడిపే యూపీఎస్ బ్యాటరీ కోసం పోతే దుకాణమాయన, "ఎంతసేపు నడవాలె కాకా?" అన్నాడు. కరెంటు రెండు గంటలు పోతుందని చెబితే పెద్దదానికి ఎంత అడుగుతాడోనని జంకాను. చిన్నదాన్ని వేలితో చూపించాను.

నువ్వు డబ్బా చదివి నవ్వావు. "బాపూ, గిది పావుగంటనే ఆగుతది. కంప్యూటర్ బంద్ చేసుకునేటందుకే గంత. ఇగ మస్కట్‌కే పోత తియ్యి. ఆడ గిన్నెలు తోమనీకి కరెంటెందుకు?"

రేపు పొద్దున కోరుట్ల ఏజెంటు నీ పాస్‌పోర్టు కోసం వస్తాడు. నీ పెనిమిటి ఆ మస్కట్‌నుంచే శవమై పెట్టెలో వచ్చాడు. నిన్ను పంపే ధైర్యం నాకు లేదు.

దుకాణం తెరవగానే పోయి పెద్ద బ్యాటరీ అడుగుతాను. ఇది వాపసు తీసుకుంటాడో లేదో తెలియదు. అయినా అడుగుతాను.

పాస్‌పోర్టు ఇవ్వనని ఒక్క మాట, తెల్లారకముందే, ఈ కిందనే రాయి.