జానైనాకు వాన నచ్చిన ఏడాది

సెప్టెంబర్ 12, సూళ్లూరుపేట

ఈ రోజు నుంచి నేను రేస్ ఇంజినీర్ని. అసిస్టెంట్ని కాదు. గిరిబాబు గారు షెడ్డులోకి వస్తూనే అనేశారు, ఫేబీ, బ్రెజిల్ నుంచి వచ్చే అమ్మాయి కారు నీదే, రేడియోలో ఆమెతో మాట్లాడేది కూడా నువ్వే, అని. అనేసి టీ తాగడానికి వెళ్ళిపోయారు. నేను టైరు మీద కూలబడ్డాను.

మా టీమ్ చిన్నది. హైవే పక్కన మూతపడిన రైస్ మిల్లే మా షెడ్డు. వాన పడితే ఇప్పటికీ తవుడు వాసన వస్తుంది. ఉన్నవి రెండే ఫార్ములా కార్లు. రేసులు చెన్నై దగ్గర. ఇంతవరకు ఒక్కటీ గెలవలేదు. ఆ మాట గిరిబాబు గారి ముందు ఎవరూ అనరు.

ఇందుకూరుపేటకు ఫోన్ చేసి నాన్నకు చెప్పాను. బ్రెజిలా, ఆడపిల్లా, కారు తోలేదానికి అంత దూరం నించి వస్తా ఉండాదా, అన్నాడు. అదే మళ్ళీ మళ్ళీ అడిగాడు. నాకు ప్రమోషన్ వచ్చిందన్న సంగతి అమ్మ ఫోన్ లాక్కుని విన్నది.

సెప్టెంబర్ 15

జానైనా వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళు, నాకంటే కొంచెం పెద్ద. మనిషి పొట్టి, మెడ మాత్రం పహిల్వాన్ మెడ. ఎడమ మణికట్టు మీద పొడుగ్గా ఆపరేషన్ మచ్చ. షెడ్డులోకి వచ్చి ముందు కారు ముక్కు మీద ముద్దు పెట్టింది. ఆ తర్వాతే మాకు హలో చెప్పింది.

ఆమెకు గది అద్దెకిచ్చిన వెంకటశేషమ్మ గారికి ఆ పేరు నోరు తిరగలేదు. జానైనా గీనైనా నా వల్ల కాదమ్మే, జానకి అంటా, పలుకు, అన్నారట. ఈమె పలికింది.

సెప్టెంబర్ 21, ఆదివారం

నేను చర్చి నుంచి వచ్చేసరికి జానైనా పులికాట్ సరస్సు పక్క రోడ్డు మీద పరుగెత్తి వచ్చి, చెమటతో మా గది మెట్ల మీద కూర్చుని ఉంది. కాఫీ ఇచ్చాను. అడగకుండానే అంతా చెప్పింది.

ఊరు సాల్వడోర్, సముద్రం ఒడ్డు. నాన్న లారీ డ్రైవర్. ఏడేళ్ళకు గో-కార్ట్ ఎక్కింది. సీటులో దిండు వేసి కూర్చోబెడితేగాని కాళ్ళు అందేవి కావట. పదహారేళ్ళకు ఒంటరిగా సావో పాలో. పంతొమ్మిదికి యూరప్. అక్కడ ఒక పెద్ద రేసు గెలిచింది. పోడియం మీద జాతీయగీతం వేస్తుంటే సగంలో పాట మరిచిపోయిందట. తర్వాత రెండేళ్ళ కిందట ఒక వాన రేసులో గోడకు కొట్టుకుంది. మణికట్టు విరిగింది. నయమయ్యేలోపు సీటు ఇంకొకరిదైపోయింది.

ఇప్పుడు బ్రెజిల్‌లోనే గంటల కొద్దీ సాగే ఎండ్యూరెన్స్ రేసుల టీమ్ ఒకటి డ్రైవర్ కోసం వెతుకుతోంది. ఈ సీజన్ ఇండియాలో ఏం చేస్తావో చూసి చెబుతాం అన్నారట. ఇది కూడా పోతే ఇంటికెళ్ళి నాన్న లారీ తోలుకుంటానంది. నవ్వుతూనే అంది. కాఫీ మాత్రం చల్లారిపోయింది.

అక్టోబర్ 5

థర్డ్! థర్డ్! థర్డ్!

మా టీమ్‌కి మొదటి పోడియం. ఎండకు తారు మరిగిపోతుంటే ఈమె ఏమో రేడియోలో, ఫేబీ, హాయిగా ఉంది, మా ఊరిలాగే ఉంది, అంటుంది. గిరిబాబు గారు ఏడ్చారు. ఏసీ పడలేదు, జలుబు, అన్నారు. ఆ చుట్టుపక్కల ఏసీయే లేదు.

అక్టోబర్ 19

వాన. చిట్టచివరి నుంచి రెండో స్థానం.

ఒక్క తప్పు కూడా చేయలేదు. అంత జాగ్రత్తగా పోతే ఎవరు మాత్రం తప్పు చేస్తారు?

అక్టోబర్ 20

డేటా చూశాను. యాక్సిలరేటర్ మీద కాలు ఎప్పుడు నొక్కింది, ఎప్పుడు తీసింది అన్నీ స్క్రీన్ మీద గీతలుగా కనిపిస్తాయి. తడిగా ఉన్న ప్రతి చోటా కాలు తీసేసింది. మలుపు లేని చోట కూడా. నేల తడిగా కనిపిస్తే చాలు, తీసేసింది.

చెప్పాలా వద్దా అని పొద్దుటి నుంచి ఆలోచించి, భోజనాల తర్వాత చెప్పాను. అదీ అందరి ముందు. అంత తెలివి తక్కువ పని ఎందుకు చేశానో తెలియదు. టైరుకు పట్టు దొరకలేదు అంది. దొరికింది, ఇదిగో డేటా, అన్నాను. నువ్వు ఎప్పుడైనా గోడకు కొట్టుకున్నావా అని అడిగింది. లేదన్నాను. హెల్మెట్ తీసుకుని వెళ్ళిపోయింది.

అక్టోబర్ 24

ఇంకా మాట్లాడటం లేదు. స్పానర్ కావాలన్నా మెకానిక్‌తో అడిగిస్తుంది.

నవంబర్ 9, ఇందుకూరుపేట

తర్వాతి రేసుకు ఇంకా నెల ఉంది. ఇంటికి వచ్చేశాను. రెండు రోజులుగా ముసురు. నాన్న నాట్లకు కయ్యలన్నీ దమ్ము చేస్తున్నాడు. నీళ్ళు పెట్టిన పొలంలో ట్రాక్టర్‌కు ఇనప చక్రాలు తగిలించి, మట్టి పాయసంలా అయ్యేదాకా తొక్కించడమే.

మధ్యాహ్నం ఇంటి ముందు ఆటో ఆగింది. తలకు ప్లాస్టిక్ కవర్ కట్టుకుని జానైనా దిగింది. వెంకటశేషమ్మ గారే రైలెక్కించారట. మా గొడవ గురించి ఒక్క మాట లేదు. సముద్రం ఎటువైపు అని అడిగింది.

అమ్మ సొరచేప పుట్టు చేసింది. జానైనా మూడుసార్లు వడ్డించుకుంది. అమ్మ తెలుగులో అడుగుతుంది, ఈమె పోర్చుగీస్‌లో చెబుతుంది, ఇద్దరికీ అర్థమైపోతుంది. మధ్యలో ఇంగ్లీషు పట్టుకుని నేనే దండగ మనిషిని.

నవంబర్ 10

చేతులు నొప్పి, పొట్ట నొప్పి. పొట్ట నొప్పి నవ్వినందుకు.

పొద్దున జానైనా గెనిమ గట్టు మీద నిలబడి నాన్న దమ్ము చేయడం చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత, నేను తోలనా అని సైగ చేసింది. నాన్న నా వంక చూశాడు. ఏందిమే, రేసు కార్లు తోలే పిల్లకు బురదలో ఏం పని, అన్నాడు. అంటూనే దిగి సీటు ఇచ్చేశాడు. ఒక రౌండు పక్కనే నిలబడి చూపించాడు, తర్వాత దిగేశాడు.

మొదట బుద్ధిగా తిప్పింది. ట్రాక్టర్ వెనక భాగం పక్కకు జారితే ఉలిక్కిపడి ఆపేసింది. మొహం తెల్లబడింది. నేను దిగబోయాను. నాన్న నా చెయ్యి పట్టుకుని ఆపాడు. జారనీమ్మా, యాడికి పోద్ది, చుట్టూ బురదే కదా, అని ఆమెకు తెలుగులోనే అరిచాడు. ఏం అర్థమైందో ఏమో. మళ్ళీ కదిలించింది. మళ్ళీ జారింది. ఈసారి ఆపలేదు. ఇంకో మూల దగ్గర జారింది. ఈసారి కావాలనే జార్చింది!

ఆ తర్వాత ఆమెను ఆపడం ఎవరి వల్లా కాలేదు. వానలో, నోరు తెరిచి పెద్దగా నవ్వుతూ, కయ్య ఈ కొస నుంచి ఆ కొసకు. చంకలు గుద్దుకుంటా ఉండాది చూడు, అన్నాడు నాన్న. చివరికి పల్లపు మూలలో దిగబడిపోయింది. వీధి వీధంతా వచ్చి తోసింది. నేను బోర్లా పడ్డాను. నన్ను లేపబోయి జానైనా పడింది. మా ఇద్దరినీ చూసి అమ్మ, ఇంట్లోకి అడుగు పెట్టబాకండి, బోరింగు కాడే ఉండండి, అని బిందెలతో నీళ్ళు కుమ్మరించింది.

నవంబర్ 11

మైపాడు బీచికి వెళ్ళాం. ఇసుకలో కూర్చుని ఆ రోజు సంగతి చెప్పింది. గోడకు కొట్టుకున్నది గుర్తు లేదట. నొప్పి గుర్తు లేదట. కారులో ఇరుక్కుని, ఎవరైనా వస్తారని చూస్తూ ఉండటం గుర్తుంది. హెల్మెట్ మీద వాన చప్పుడు గుర్తుంది. అప్పటి నుంచి వాన అంటే ఆ చప్పుడేనట. నిన్న ట్రాక్టర్ మీద కూడా ముందు అదే వినిపించిందట. తర్వాత తన నవ్వు దాన్ని మింగేసిందట.

సారీ చెప్పాను. అందరి ముందు అన్నందుకు. డేటా తప్పని మాత్రం చెప్పలేదు. అది తప్పు కాదులే అని భుజంతో నన్ను ఒక్క తోపు తోసింది. అలలోకి.

డిసెంబర్ 6, శనివారం

రేపు చివరి రేసు. బ్రెజిల్ వాళ్ళు ఆన్‌లైన్‌లో చూస్తారట. గ్రిడ్‌లో, అంటే స్టార్ట్ వరుసలో, ఏడో స్థానం. ఫోర్‌కాస్ట్‌లో వాన ఉంది.

అమ్మ ఫోన్ చేసి, హెల్మెట్ కాడ ఫోన్ పెట్టు, ప్రార్థన చేస్తా, అంది. పెట్టాను. జానైనా కళ్ళు మూసుకుని విన్నది. చివర ఆమెన్ మాత్రం గట్టిగా చెప్పింది.

డిసెంబర్ 7, ఆదివారం

వరుసగా రాయాలి.

పొద్దున కుండపోత. స్టార్ట్‌కు కాస్త ముందు ఆగింది. సన్నగా ఎండ. ట్రాక్ మాత్రం నిండా తడి. మధ్యలో ఆగి టైర్లు మార్చుకునేంత పెద్ద రేసు కాదు. గాడులున్న వాన టైర్లు వేస్తే ఇప్పుడు క్షేమం, ఆరాక చస్తాం. నున్నటి టైర్లు, స్లిక్స్, వేస్తే ముందు జారి చస్తాం, ఆరాక మనదే రాజ్యం. అందరూ వాన టైర్లే వేశారు. గిరిబాబు గారు కూడా అవే అన్నారు. ఫేబీ, పిచ్చి పని చెయ్యబాక, అన్నారు.

జానైనా వంగి అరచెయ్యి రోడ్డు మీద పెట్టింది. లేచి నా మొహంలోకి చూసింది. నువ్వు చెప్పు అంది.

స్లిక్స్, అన్నాను. మొదట్లో అందరూ నిన్ను దాటిపోతారు, జారనీ, అన్నాను. తల ఊపింది. గిరిబాబు గారు మా ఇద్దరినీ చూసి, టోపీ తీసి నేలకు కొట్టి, వెయ్యండ్రా అవే, అన్నారు.

మొదటి ల్యాప్‌లో చిట్టచివరికి పోయింది. రెండో ల్యాప్‌లో కారు అడ్డం తిరిగినంత పనైంది. రేడియో నొక్కాను, ఏం చెప్పాలో తెలియక వదిలేశాను. అప్పుడు వినిపించింది. నవ్వు. ఆ కయ్యలో నవ్విన నవ్వే. తర్వాత పాట, పోర్చుగీస్‌లో, ఇంజిన్ గోలలో.

రోడ్డు మధ్యలో ఆరిన చార పడింది. ఇక చూడాలి. ఒక్కొక్కరి టైర్లూ వేడికి కరిగిపోతుంటే ఈమె ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చింది. మా మెకానిక్‌లు గోడ ఎక్కేశారు. చివరి ల్యాప్‌లో ముందు ఒక్కడే మిగిలాడు. ఆరిన చార మొత్తం వాడే ఆక్రమించుకున్నాడు. దాటాలంటే పక్కన తడిలోకే దిగాలి, నున్నటి టైర్లతో. ఆలోచించుకో అందామనుకున్నాను.

దిగింది. కారు వెనక భాగం ఊగింది. ఊగనిచ్చింది. దాటేసింది.

గెలిచాం.

రేడియోలో నేనేం అరిచానో గుర్తు లేదు. కాసేపటికి జానైనా, ఫేబీ, ఇంగ్లీషులో చెప్పు, అంది. అప్పటిదాకా తెలుగులో అరుస్తున్నానట.

పోడియం మీద ఈసారి పాట మొత్తం పాడింది.

డిసెంబర్ 8

డేటా తెరిచాను. ఆ తడి దగ్గర గీత ఎక్కడా కిందికి దిగలేదు. ప్రింట్ తీసి షెడ్డు గోడకు అంటించాను. గిరిబాబు గారు దానికి పూలదండ వేశారు.

డిసెంబర్ 11

బ్రెజిల్ నుంచి ఫోన్. సీటు ఆమెదే.

జానైనా షెడ్డు బయటికి పరుగెత్తి హైవే మీద పోతున్న లారీలన్నిటికీ చెయ్యి ఊపింది. ఒకాయన హారన్ కొట్టాడు. వాళ్ళ నాన్నకు ఫోన్ చేస్తే ఆయన అక్కడ లారీ హారన్ కొట్టాడట, ఆపకుండా.

డిసెంబర్ 19

వెళ్ళిపోయింది. రైలు కదిలేదాకా వెంకటశేషమ్మ గారు, జానకీ, పచ్చడి సీసా నిలబెట్టి పెట్టుకో, పడుకోబెట్టబాక, అని చెబుతూనే ఉన్నారు.

నాకు బాధగా లేదు. ఆకలిగా ఉంది. వచ్చే సీజన్‌కు మా టీమ్‌కి రెండు కార్లకూ నేనే ఇంజినీర్ని. స్టేషన్ బయట రెండు ప్లేట్లు పొంగనాలు తిన్నాను.

ఫిబ్రవరి 2, మైపాడు

ఈ రోజు జానైనా కొత్త కారు మొదటిసారి ఎక్కుతుంది. వాళ్ళ ఊళ్ళో ఈ రోజే సముద్రపు తల్లికి తెల్లపూలు ఇస్తారట. తనకు ఊరు వెళ్ళే వీలు లేదు, మీ సముద్రంలో వేస్తావా అని మెసేజ్.

అమ్మకు చూపించాను. తెల్ల చేమంతులు తెచ్చింది.

వేశాం. అల వెనక్కి తెచ్చింది. మళ్ళీ వేశాం. మళ్ళీ తెచ్చింది. అమ్మ కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని నడుం లోతుకు పోయింది.

తీసుకోమ్మా, మా పిల్ల పంపించింది, అంది సముద్రంతో.

తీసుకుంది.