శాంతమ్మవ్వ పోసిన బియ్యం

ప్రభువునందు నిద్రించిన నా సహధర్మచారిణికి,

తేదీని, స్థలాన్ని వ్రాయడం లేదు. నీకు వాటి అవసరం లేదు.

యుద్ధం వల్ల పెనుకొండ అంగళ్లలో బియ్యం దొరకడం లేదు. వంటకు ముందు పిడికెడు తీసి, నిరుపేదల కోసం నీవు నింపిన కుండను నేనే వండుకుని తిని ఖాళీ చేశాను. సిగ్గుతో దాని మూతికి గుడ్డ కట్టాను.

పోయిన ఆదివారం మన సంఘం తరఫున ఆ బియ్యం పోగుచేసే శాంతమ్మవ్వ వచ్చి, కుండను ఎత్తి చూసింది.

“ఏమయ్యోరూ, గాలికి గుడ్డ కట్టి దాస్తాండారా?” అని నవ్వి, తన ఒడిలోని బియ్యం అందులో పోసింది. “ఇంట్లో నాకు ఉండాయిలే” అంది. ఆకలితో ఉన్నాను కనుక నమ్మాను.

ఈ ఆదివారం ఆమె రాలేదు. నిన్నటి నుంచి ఆమె తలుపు తెరుచుకోలేదట. మిగిలిన గుప్పెడు బియ్యంతో జావ కాచాను. గిన్నె పట్టుకుని ఆమె ఇంటికి బయలుదేరుతున్నాను. ఆ తలుపు తెరుచుకునే వరకు ఈ ఉత్తరాన్ని ప్రభువుకు వినబడేలా బిగ్గరగా చదువుతూ ఉండు.