సాంచెల షెడ్డులో ఉక్క

1996 మే, మంగళవారం. డిండోలి.

నెలసరి పూర్తిగా ఆగిపోవడానికి కొన్నేళ్ల ముందు నుంచే క్రమం తప్పుతుందట. ఒంట్లోంచి ఒక్కసారిగా సెగలు రావడం, నిద్ర పట్టకపోవడం అందుకేనని, రోగం కాదని డాక్టరమ్మ చెప్పింది. నేనేమో సాంచెల షెడ్డులో, మరమగ్గాల మధ్య ఉక్క అనుకున్నాను. పోగులు చెదురుతాయని అక్కడ ఫ్యాను వేయనివ్వరు.

పదేళ్ల కిందట అదే షెడ్డులో అత్త కండెలు చుట్టేది. ఉన్నట్టుండి లేచి, బయటికెళ్లి నెత్తిన నీళ్లు పోసుకునేది. షేఠ్ ఆమెను కామ్‌చోర్, పనిదొంగ అంటే అందరితోపాటు నేనూ నవ్వాను.

ఇందాక అన్నం పెడుతూ అడిగాను. "అత్తా, నీకు గూడ గిట్లనే అయ్యేదా?"

ఆమె కంచం పక్కకు జరిపింది.

"అయ్యేది బిడ్డా. నీకొక్కదానికన్న చెప్దామనుకున్న. నువ్వు గూడ నవ్వితివి."