పడవలో నీ చోటు

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళ మొదటిసారి నాన్న పడవెక్కాను. ఇప్పుడాయన వేట మానేసి, కాకినాడలో టూరిస్టులను సముద్రం మీద తిప్పుతున్నారు. చిన్నప్పుడు నిన్నే వేటకు తీసుకెళ్లేవారు. నేను ఒడ్డున ఏడుస్తూ కూర్చునేదాన్ని.

టూరిస్టుల కోసమని రాళ్ల దగ్గర వేసి ఉంచిన వల లాగి, అందులో పడిన లాబ్‌స్టర్‌ను నాన్న అందరికీ చూపించారు. దాని తోక కింద నారింజ రంగు గుడ్లు గుత్తిగా ఉన్నాయి.

“పగలంతా రాళ్ల సందుల్లో దాక్కుంటుందండి. గుడ్లున్నదాన్ని మాత్రం వదిలేయాలండి. మా పెద్దమ్మాయే నేర్పింది నాకు,” అన్నారు.

తర్వాత ఏం చెప్పినా నీ మాటే. పోయాక కూడా నాన్న నీకే దక్కారని కుళ్లుకున్నాను.

“నేను వదులుతాను నాన్నా,” అని చేతులు చాచాను. ముళ్లు గుచ్చుకుంటున్నా దాన్ని మెల్లగా నీళ్లలోకి దించాను.

“మీ పెద్దమ్మాయి ఈవిడేనా అండి?” అని ఒకావిడ నాన్నను అడిగింది.

ఆయన నోరు విప్పేలోపే, “అవునండి,” అన్నాను. నాన్న నా వంక చూశారు గానీ, కాదనలేదు.

ఒడ్డుకొచ్చేదాకా ఆయన పక్కన, నీ చోట్లో కూర్చున్నాను. నీకు క్షమాపణ చెబుదామనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. కానీ చెప్పాలనిపించడం లేదు.

నీ చెల్లి