అంగీ పొట్టిగైంది

జూన్ 3, మంగళారం

కాదు, నేను యాక్టర్‌ని కాను. ఎదురు మాటలు చెప్తా, గంతే. ఆడిషన్‌కు వచ్చినోళ్లు కెమెరా ముందట నిలబడ్తరు. నేను కెమెరా ఎన్క కూసొని రెండో మనిషి మాట అంట. వాళ్లు నాకు జవాబియ్యాలె. వీడియోల నేను కనపడ. నాకు గదే మంచిగుంటది...

జూన్ 4

ఆడిషన్లు చేయించే సత్య మేడమ్ నా మాటలు వాయిస్ మెసేజ్‌ల పెడ్తది. ఎన్మిదో తరగతిల బడి బంద్ చేసిన గదా, చదువుడు స్లో. ఇని పట్టుకుంట.

ఇప్పుడు తండ్రి పాత్రకు మనిషిని ఎతుకుతున్నరు. తండ్రి హాస్టల్‌కు వస్తడు, కొడుకుని ఇంటికి తోల్కపోనీకి. కొడుకు రానంటడు. ఆ కొడుకు మాటలు నావి. పొద్దుగాల్నుంచి ఎవలొస్తే వాళ్లకు "నేను రాను" అనుడే.

అందరు ఒర్రుతున్నరు. ఒకాయన నా మీదికే వచ్చిండు. ఇంకొకాయన ఏడ్సిండు.

వాళ్లు పోయినంక మేడమ్ — "డైలాగ్ అందరూ చెప్తార్రా. నువ్వు మాట్లాడతన్నప్పుడు ఆడు ఏటి చేస్తన్నాడో, అది చూడాల." ఆమెది విజయనగరం సైడు. అలిసిపోతే ఊరి భాష బైటికొస్తది.

జూన్ 6

చార్జర్ ఇంట్ల మర్చిపోయిన. నాన్న తెచ్చిండు. రెజిమెంటల్ బజార్‌ల మిలిటరీ డ్రెస్సులు కుడ్తడు, సైనిక్‌పురిల ఎవరో సార్‌కు కోటు ఇయ్యనీకి వచ్చిండంట, మా ఆఫీసు పక్క గల్లీనే. లోపలికి రాలే. చెప్పులు ఇడ్వాల్నా వద్దా అని గుమ్మం కాడనే.

మేడమ్ చూసింది. చూస్తనే ఉంది.

"ఎవర్రా ఆయన?"

"మా నాన్న."

"మరి ఇన్నాళ్లూ చెప్పవేటి?"

ఏం చెప్పాలె. కుట్టు మిషిన్ మీద కూసోను అన్నప్పట్నుంచి మాకు రెండే మాటలు. తిన్నవా. తిన్న.

జూన్ 7

మేడమ్ నాన్నను సోమారం ఆడిషన్‌కు రమ్మన్నది. అమ్మ నవ్వుతనే ఉంది — "ఇంట్లనే మాట్లాడడు, గీ మనిషి సినిమాల మాట్లాడ్తడా." నాన్న అంగీ రెండుసార్లు ఇస్త్రీ చేసిండు.

జూన్ 9, సోమారం

అయిపోయింది. రేపు రాస్త.

జూన్ 10

నిన్నటిది రాస్తున్న.

ముందుగాల పేరు, ఎత్తు చెప్పుమంటరు. అందరికి అంతే. నాన్న పేరు చెప్పిండు. ఎత్తు అడిగితే — "తెల్వది మేడమ్. అందరి కొల్తలు నేను తీస్త. నాది ఎవ్వలు తీస్కోలే." మేడమ్ నవ్వలే.

తర్వాత సీను. నేను ఎప్పటిలెక్కనే — "ఎందుకొచ్చినవ్?" నాన్న మంచిగనే చెప్పిండు, ఇంటికి పోదాం పా, మీ అమ్మ ఎదురుచూస్తుంది. నేను "నేను రాను" అన్న. ఇప్పుడు ఆయనకు కోపం రావాలె. గట్ల రాసుంది.

రాలే. నన్నే చూస్తుండు. మొహం కాదు. నా చెయ్యి. మణికట్టు కాడ. శానసేపు.

"అంగీ పొట్టిగైంది రా నీకు." మల్ల జెర ఆగి — "ఎప్పుడైంది?"

స్క్రిప్టుల లేదది. మేడమ్ కట్ సుత చెప్పలే.

బైటికొచ్చినంక నాన్న — "తప్పు చెప్పినట్టున్న కదరా." తిన్నవా కాకుండ వేరే మాట. ఎన్నాళ్లకో.

జూన్ 13

డైరెక్టర్‌కు నచ్చింది. ఇంకోసారి చూస్తరంట. ఈసారి నేను కాదు, సినిమాల కొడుకు చేసే అసలు పిల్లగానితోని.

అమ్మ పక్కింటోళ్లకు చెప్పేసింది. ఆపలేకపోయిన.

జూన్ 14

నాన్న నిలబడిపోయిండు. ఆ పిల్లగాడు "నేను రాను" అన్నడు. నాకంటె బాగ అన్నడు. నాన్న మణికట్టు చూసిండు, కాలర్ చూసిండు, భుజం చూసిండు... ఒక్క మాట రాలే. మల్ల షురూ చేసిండ్రు. మల్ల గదే.

మేడమ్ మెల్లగ అడిగింది, ఏమైందండీ అని.

"ఆ బాబు అంగీ కొత్తది మేడమ్. ఫిట్టింగ్ సుత మంచిగుంది. ఏం అనాలె?"

కెమెరా అన్న నవ్విండు. నాకు సుత నవ్వొచ్చింది. తర్వాత రాలే.

జూన్ 16, సోమారం

వద్దన్నరు.

మేడమ్ కిటికీ దిక్కు చూస్కుంట చెప్పింది — "మనిషి వద్దంట. ఆ లైన్ మాత్రం ఉంచుతారంట."

మా పనిల మొహం మీద ఎవ్వలు వద్దని చెప్పరు. మెసేజ్ పెడ్తం. "ఈసారి కుదర్లేదు, మల్ల పిలుస్తం." పెట్టేది నేనే. అందరికి గదే మెసేజ్, కాపీ చేసి.

"మీ నాన్నకి నేను ఫోన్ చెయ్యనా?"

"నేనే చెప్త మేడమ్."

ఎందుకన్ననో తెల్వది.

జూన్ 17

పొద్దంత కొత్త తండ్రులు. నేను "నేను రాను" అంటున్న, వాళ్లు "అంగీ పొట్టిగైంది" అంటున్నరు. ఒకాయన నా మొహం చూసి అన్నడు. ఒకాయన కోపంగ అన్నడు, నేనే పొట్టిగ చేస్కున్నట్టు.

ఆఖరుకు నాటకాలు ఆడే ఒకాయన వచ్చిండు. ఆగిండు. చెయ్యి దిక్కు చూసిండు. మెల్లగ అన్నడు. గొంతుల తడి వచ్చింది. మేడమ్ తల ఊపింది.

నిజం చెప్పాలంటె నాన్న కంటె మంచిగ చెప్పిండు. నేను నా చెయ్యి అంగీలకు గుంజుకున్న.

జూన్ 18

నాన్నకు మెసేజ్ పెట్టలే.

జూన్ 19

నాన్న టేప్ తెచ్చిండు. నిలబడు అన్నడు. నిలబడ్డ. భుజం, చెయ్యి, ఛాతీ. నోట్ల గుండుసూదులు పెట్టుకొని, పండ్ల సందులకెల్లి —

"ఏమన్న అన్నరా మీ మేడమ్?"

"ఇంకా ఏం చెప్పలే."

"మల్ల పిలిస్తే ఈసారి అంగీ చూడ. మొహమే చూస్త."

అమ్మ చెప్పింది, దుకాణంల అద్దం ముందట నిలబడి అంటుండంట ఆ మాట. పక్కన కాజాలు కుట్టే తాతను కొడుకు లెక్క నిలబెట్టిండంట. తాతకేమో వినపడదు. "నేను రాను" అనుమంటే "యాడికి?" అంటుండంట.

జూన్ 20, శుక్కురారం

కొత్త అంగీ. నీలి గీతలు. చేతులు జెర పొడుగున్నయ్. "కావాల్నని పెట్టిన, ఇంకా పెరుగుతవ్" అన్నడు.

మెసేజ్ టైప్ చేసి పెట్టిన. ఈసారి కుదర్లేదు. నాన్న నంబర్ కాడ ఆగిపోయిన. మల్ల పిలుస్తం అని ఉంది కింద, అది తీసేసిన. అది అబద్ధం, నాన్న దాని మీదనే ఆశ పెట్టుకొని ఉంటడు.

సెలెక్ట్ కాలేదని చెప్త. రేపు, మొహం మీదనే. గానీ ఆ సినిమా వస్తది. అమ్మ అందరిని తోల్కపోతది. నాన్న నా పక్కన కూసుంటడు, తెర మీద వేరేటాయన నా అసుంటి పిల్లగాని చెయ్యి చూసి ఆ మాట అంటడు. ఆ మాట ఉంచుకున్నరని ముందుగాల చెప్తే ఖుష్ అయితడా, ఇంకింత బాధపడ్తడా... నీ మాట తీస్కొని నిన్ను వద్దంటె, ముందుగాల నీకెవలన్న చెప్పాలె అనుకుంటవా నువ్వు?