ఎత్తిన చెయ్యి

మెలిట్టా అక్కకు తమ్ముడు రాసుకున్నది.

నీ కుంకుమపువ్వు రంగు పైవస్త్రం ఈ మనిషి చేత తిరిగి పంపుతున్నాను. చెమట మరకలు పోలేదు, తిట్టుకోకు.

మొన్న పండగలో మా హాస్యనాటకమే గెలిచింది. ఏథెన్సు ఆడవాళ్ళంతా సభను చేజిక్కించుకుని యుద్ధం ఆపేసే కథ. అందులో నీ పైవస్త్రం కట్టుకుని వాళ్ళ నాయకురాలి వేషం వేసింది నేనే. నీ పెద్దకొడుకు యుద్ధంలో పోయినప్పుడు కదురు పట్టుకుని నువ్వన్న మాటే అక్కడ అన్నాను: "కనడానికి మేం కావాలి. చావడానికి పంపేటప్పుడు మమ్మల్నెవరూ అడగరేం?" గొంతు కూడా నీదే. జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. నేనూ పొంగిపోయాను.

నిన్న కొండమీద అసలు సభ జరిగింది. మళ్ళీ ఓడలు పంపుదామా అని అడిగారు. నీ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో పక్కనున్న కుమ్మరి మోచేత్తో పొడిచి, "ఏమ్మా నాయకురాలా, ఇవాళ కూడా మా పెళ్ళాల తరఫునేనా?" అన్నాడు. చుట్టూ అందరూ ఇకిలించారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఓడలు పంపాలనేవాళ్ళు చేతులెత్తమనగానే అందరికన్నా ముందు నేనే ఎత్తాను.

ఓడలు వెళ్తున్నాయి. నీ చిన్నకొడుకు, మన ఫైడాన్‌ కూడా తెడ్డు వెయ్యడానికి వెళ్ళాలి. వాడూ సభలో చెయ్యెత్తాడని నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. వాణ్ణి ఏమీ అనకు అక్కా. వాడికది మొదటి సభ. నా వెనకే కూర్చున్నాడు. ఎటూ తేల్చుకోలేక కాసేపు నావైపే చూశాడట. నా చెయ్యి లేచాకే వాడు ఎత్తాడు.