మైనపు బిళ్లలో నాన్న

మంగళవారం రాత్రి, తిరుమలాయపాలెం

నాన్న బయాప్సీ ముక్కను ఇవాళ దవాఖానాలో నా చేతికిచ్చారు. చిన్న డబ్బాలో మైనపు బిళ్ల, దాని మధ్యలో బియ్యపు గింజంత నాన్న. ఊపిరితిత్తుల పొరకు వచ్చిన ఆ అరుదైన క్యాన్సర్, రేకుల ఫ్యాక్టరీలో పీల్చిన ఆస్బెస్టాస్ దుమ్ము వల్లేనని కోర్టులో చెప్పాలంటే ఇంకో డాక్టర్ దాన్ని మళ్లీ పరీక్షించాలి. కంపెనీ మాత్రం అసలది ఆ క్యాన్సరే కాదు, బీడీలు తాగి పోయాడంటోంది.

"ఎండకు మైనం కరుగుతది, చల్లగ పెట్టమ్మా," అన్నాడు వకీలు.

ఫ్రిజ్‌లో పెడుతుంటే అమ్మ చూసింది. ఏమిటని అడిగితే చెప్పక తప్పలేదు. "సమాధిల ఆయనను మొత్తం పెట్టినమనుకున్న గద బిడ్డా," అంది.

తర్వాత, "కేసు అయినంక తిరిగిస్తరా?" అని అడిగింది.

"తెల్వదమ్మా."

ఇవ్వకపోతే? ఆ మాట వకీలును అడగాలని కూడా నాకు తోచలేదు. రిపోర్టులు, సర్వీసు కాగితాలు, సంతకాలు అంటూ తిరిగానే గానీ, అది నాన్న అని...

ఇందాక మంచినీళ్లకని ఫ్రిజ్ తెరిచాను. చివరి నెలల్లో నాన్న చలికి ఓర్చుకోలేక ఎండాకాలంలోనూ ఫ్యాన్ వేయనిచ్చేవాడు కాదు. ఆ డబ్బాకు అమ్మ ఆయన మఫ్లర్ చుట్టిపెట్టింది.